కుంట గట్టు మీద గునుగు

జహనుమా బస్తీలో మా ఇంటి వెనక చిన్న కుంట ఉండేది. వాన పడితే చాలు, దాని గట్టు జారి బురదంతా మా గల్లీలోకి వచ్చేది. యాభైల మొదట్లో, నాకు మునిసిపాలిటీ దఫ్తరులో గుమాస్తా కొలువు దొరికిన కొత్తలో, గట్టు మీద గడ్డి పెంచుదామని పక్కింటాయనే అన్నాడు. బేగంబజార్‌లో గిన్నెల దుకాణం ఆయనది. నాకంటే పదేళ్లు పెద్ద. తోడబుట్టినవాళ్లు లేని నాకు ఆయనే అన్న.

మొదటి ఏడు మేం చల్లిన గింజలన్నీ వానకు కొట్టుకుపోయాయి. టాంగా గుర్రాలకు గడ్డి కోసే ముసలమ్మ చూసి నవ్వింది.

"గట్ల చల్లితే గింజ నిలుస్తదా బిడ్డా? నీళ్లంచుకు తుంగ గడ్డలు పాతుర్రి. దానిపైన గరిక. పొడి జాగల గునుగు."

మరుసటి ఏడు తొలకరికి ముందే అట్లాగే చేశాం. మోకాలి లోతు బురదలో ఆయన తుంగ పాతుతుంటే నేను పిలకలు అందించాను. మేకలు రాకుండా తుమ్మకంప అడ్డం పెట్టాం.

ఆ పై ఏడు గట్టు జారలేదు. బతుకమ్మ నాటికి గునుగు విరగబూసింది. తుంగలో నీటికోడి పిల్లల్ని చేసింది. సెలవు రోజుల్లో ఇద్దరం అక్కడే కూర్చుని చాయ తాగేవాళ్లం.

ఎండాకాలంలో నా బల్ల మీదికి ఒక అర్జీ వచ్చింది. కుంట కంపు కొడుతోంది, గడ్డిలో పాములు చేరాయి, పూడ్పించండి అని. కింద మొదటి సంతకం ఆయనది.

సీదా దుకాణానికి వెళ్లాను.

"అన్నా, ఆ అర్జీ మీద దస్కత్ నీదేనా?"

ఆయన తల ఎత్తలేదు. "నాదే. గోదాముకు జాగ కావాలె తమ్మీ. పూడిస్తే నా ఇంటెన్క జాగ నాకే ఇస్తమని మీ దఫ్తరోళ్లే అన్నరు."

"ఒక్క పామన్న చూసినవా?"

"అర్జీల గట్లనే రాస్తరు."

"నాకొక్క మాట చెప్పకపోతివి?"

"చెప్తే ఒప్పుకుంటవా? గడ్డే గదా, ఇంకోకాడ మొలుస్తది. గింత లొల్లి ఎందుకు?"

పాములు లేవని అర్జీకి నా చీటీ జతచేశాను. పై అధికారి దాన్ని చించేశాడు. "మొహల్లేవాలే ఖుద్ బోల్రే, తుమ్‌కో క్యా ఫికర్?" అన్నాడు. గల్లీవాళ్లే అడుగుతుంటే నా మాట ఎవరికి కావాలి? నాలుగు రోజులు బండ్లు మొరం పోశాయి. మా తుంగ, గరిక అన్నీ దాని కిందే పోయాయి.

గోదాము పూజకు నన్నూ పిలిచాడు. అందరి ముందూ నా భుజం మీద చెయ్యేసి, "మా తమ్ముడు" అని చుట్టాలకు చెప్పాడు. ఆ చెయ్యి తోసెయ్యలేదు నేను. నవ్వుతూ నిలబడ్డాను. ఆయన చేసింది ఒక ఎత్తయితే, నా ఆ నవ్వు ఇంకో ఎత్తు. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.