పన్నెండో జత కాళ్లు

రోజూ తెల్లవారకముందే చర్చిలో చీపురు చప్పుడు మొదలయ్యేది. ఊడ్చేది అయ్యగారే. పాస్టరై ఉండి ఈ పనేంటని సంఘ పెద్ద ఎంత మొత్తుకున్నా వినేవారు కాదు. "నువ్వు కాసేపు పడుకో" అని భార్యకు దుప్పటి సర్ది వెళ్లేవారు. ఆ చప్పుడు వింటూనే ఆమె ఇంకో కునుకు తీసేది.

ఆయన పోయి ఏడు నెలలు. చీపురు ఆమె చేతికొచ్చింది. అమ్మగారు కాస్తా పాత అమ్మగారైంది.

ఉండేది మాత్రం చర్చి వెనక గదిలోనే. దానికి వీధి వైపు తలుపు లేదు. ఎటు వెళ్లాలన్నా చర్చి దాటే వెళ్లాలి. ప్రార్థన కూటం జరుగుతుంటే దగ్గొచ్చినా కొంగు నోట్లో కుక్కుకుని కూర్చోవాల్సిందే.

"కొత్త అయ్యగారు ఆ గది ఆఫీసుకి కావాలంటున్నారమ్మా. నేనే ఏదో ఆపుకొస్తున్నా. మీరూ కాస్త సర్దుకుపోవాలి మరి" అన్నాడు సంఘ పెద్ద. పోవడానికి ఆమెకి ఇంకో చూరు లేదు.

సర్దుకుపోవడమంటే ఏమిటో గురువారం తెలిసింది. ప్రభువు శిష్యుల కాళ్లు కడిగినట్టు ఆ సాయంత్రం కొత్త అయ్యగారు పన్నెండుమంది కాళ్లు కడుగుతారు. వీడియో తీస్తారు.

"పళ్లెంలో నీళ్లు మురికైతే బాగోదమ్మా. వెనక కుళాయి దగ్గర మీరు ముందే రుద్ది పంపించండి" అన్నాడు సంఘ పెద్ద.

ఆమె పీట వేసుకుంది. సంఘ పెద్దే మొదట కాలు చాపాడు. "మెల్లగా అమ్మా, చక్కిలిగింత!"

"మా ఆవిడ ఇంత మర్యాద ఏనాడూ చెయ్యలేదు" అన్నాడు వెనకున్నాయన. అందరూ నవ్వారు. ఆమె తలెత్తలేదు. మోకాళ్లు లాగేస్తుండగా పదకొండుమందివీ అయ్యాయి.

లోపల పాట మొదలయ్యాక పన్నెండో మనిషి పక్క సందులోంచి పరుగున వచ్చాడు. మురికికాలవలు తీసే అతను. పని దిగి నేరుగా వచ్చేశాడేమో, చీలమండల దాకా నల్లటి బురద.

ఆ కాళ్లు ఆమెకి తెలుసు. పోయినేడు ఇక్కడే అయ్యగారు వాటిని కడిగారు. చూసినవాళ్లు లేరు. నీళ్లు మూడుసార్లు మార్చారు. మడమ దగ్గర వేలు ఆపి, "సూది పట్రా! వీడు గాజుపెంకు గుచ్చుకుని కూడా చెప్పకుండా తిరుగుతున్నాడు" అని కేకేశారు.

"ఆలస్యమైపోయిందమ్మా. చెంబివ్వండి, నేనే కడుక్కుంటా."

ఆమె చెంబు అందుకుంది. సంఘ పెద్ద గుమ్మంలోంచి తొంగిచూసి, తొందరగా కానివ్వమని చెయ్యి ఊపాడు. రేపు గది తాళం అడిగేదీ ఆ చెయ్యే. ఆమె కుళాయి కట్టేసింది.

"ఇక్కడొద్దు తమ్ముడూ. లోపల కడుగుతారు."

"ఇలాగేనా? కొత్త అయ్యగారు కోప్పడరూ?"

"కడగడానికేగా కూర్చున్నారు. వెళ్లు."

అతను బెరుగ్గా లోపలికి నడిచాడు. పొద్దున ఆమె తుడిచిన గచ్చు మీద, గుమ్మం నుంచి కొత్త అయ్యగారి తెల్లంగీ దాకా, నల్లటి అడుగులు పడ్డాయి. పాట ఆగిపోయింది.

"అమ్మగారూ! తడిగుడ్డ! త్వరగా!" సంఘ పెద్ద గొంతు.

గుడ్డ ఆమె పక్కనే, బకెట్ అంచున వేలాడుతోంది. ఆమె పీట మీద నుంచి లేవలేదు.