చల్లారేదాకా అదిమి ఉంచాలి

ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు, జులై మొదటి వారంలో నన్ను మెదక్‌లోని ఒక వృత్తి శిక్షణ సంస్థకు వడ్రంగం ఇన్‌స్ట్రక్టరుగా బదిలీ చేశారు. వర్క్‌షాపు బాధ్యత నాది, నా పైన ట్రైనింగ్ ఆఫీసరు. బయటివాళ్ల సామాను మరమ్మతుకు తీసుకోవాలంటే ఆయన అనుమతి కావాలి. ఆ అనుమతితో మొదట వచ్చింది సుకుమారి టీచరు బీరువా.

ఆమె రిటైరైన టీచరు, చర్చిలో పాటలు పాడేవారు. తండ్రి వడ్రంగి. బీరువా తలుపులకు వెనీర్ ఆయనే అతికించారు. వెనీర్ అంటే పోస్టుకార్డంత మందాన కోసిన మేలురకం చెక్క పొర. ఒకే దుంగలో పక్కపక్కన కోసిన పొరలను తెరిచిన పుస్తకంలా జత చేయడంతో, ఒక తలుపు మీది చారలు రెండోదాని మీద అద్దంలో చూసినట్టు కనిపించేవి. ఆ ఏటి వానలకు ఇల్లు కురిసి కుడి తలుపు పొర బుడగలుగా ఉబ్బింది.

“పొర పీకేసి సన్‌మైకా కొట్టియ్యమంటున్నరు సారూ. మా నాయిన చేతిపని పోతది,” అన్నారామె.

గోటితో తట్టి, బోలుగా మోగిన చోటల్లా సుద్దతో గుర్తు పెట్టాను. లోపల ఉన్నది సరేసు, అంటే తోలు ఉడికించి తీసే పాతకాలపు జిగురు. వేడి తగిలితే మళ్లీ కరుగుతుంది. తడిగుడ్డ పరిచి ఇస్త్రీపెట్టెతో అదిమితే చిన్న బుడగలు అణిగాయి. నడిమధ్య ఉన్న అరచేయంత బుడగ మాత్రం పెట్టె తీసిన కాసేపటికే లేచింది. రెండోసారీ అంతే. మూడోసారి వేడి పెంచాను. ఒక అంచున పొర కమిలింది.

ఇక సన్‌మైకాయే గతి అని టీచరుకు చెప్పేశాను. ఆమె తలుపు మీద చెయ్యి వేసి నిలబడ్డారు.

ఆ ఇస్త్రీపెట్టెను గేటు ఎదుట ఇస్త్రీ బండి నడిపే బాలమణి దగ్గర అడిగి తెచ్చాను. తిరిగి తీసుకుపోవడానికి వచ్చిన ఆమె లేచిన బుడగను, కమిలిన అంచును చూసింది.

“పెట్టె తీసినంక మీద ఏం పెట్టిండ్రు సారూ?”

ఏమీ పెట్టలేదన్నాను.

“మడత వేడికి పడదు, సల్లారినంక పడ్తది. గందుకే నేను పట్టుచీర అంచు మీద పీట పెడ్త.”

కొత్త జిగురు పూస్తే మర్నాటిదాకా అదిమిపట్టే క్లాంపు విప్పవద్దని ఇరవై ఏళ్లకు పైగా పాఠం చెప్పినవాణ్ని. కరిగిన పాత జిగురు కూడా కొత్త జిగురుతో సమానమే అన్న సంగతి నాకు తట్టలేదు.

ఈసారి పెట్టె ఆమె చేతికే ఇచ్చాను. చెంపకు దగ్గరగా పట్టి వేడి చూసుకుంది. ఒక్క చోటా ఆపకుండా తడిగుడ్డ మీద నడిపించింది. “ఇగ పెట్టుండ్రి,” అనగానే నేను మైనం కాగితం, దాని మీద చదును చెక్క వేసి క్లాంపులు బిగించాను.

మర్నాడు విప్పాక మొదట గోటితో తట్టింది టీచరే. అంతటా ఒకటే గట్టి చప్పుడు. కమిలిన అంచును సన్నటి గరుకు కాగితంతో రుద్ది పాలిష్ పెట్టాను. మరక కొంత పోయింది, కొంత మిగిలింది.

“ఉండనియ్యిండ్రి, చారలు పోలే, గదే సాలు,” అంటూ టీచరు బాలమణి రెండు చేతులూ పట్టుకున్నారు.

తర్వాతి వెనీర్ ప్రాక్టికల్‌కు ట్రైనింగ్ ఆఫీసరు అనుమతితో బాలమణిని పిలిచాను. వేడిని అంచనా కట్టడం గురించి ఆమె చెప్పినంత తేటగా నేనెన్నడూ చెప్పలేదు. రిటైరయ్యేదాకా ఆ పాఠంలో రెండు మాటలు అదనంగా చెబుతూ వచ్చాను. పాత జిగురును కరిగించడం సగం పనే, చల్లారేదాకా అదిమి ఉంచడం మిగతా సగం. తప్పు ఎక్కడుందో తెలియనప్పుడు వేడి పెంచకూడదు, తెలిసినవాళ్లను అడగాలి.