కాకి ముట్టాల్సిన కట్లెట్లు

బిట్రగుంట స్టేషన్లో నా పక్కన కూర్చున్న అక్క, కట్లెట్లు చితికిపోయాయేమోనని స్టీలు డబ్బా మూత తీసింది. చేప వాసనకు నా ఆకలి లేచి కూర్చుంది. మర్యాదకు మొహం తిప్పుకున్నాను గానీ ముక్కు మాట వినలేదు.

"నీకు పెట్టలేను అబ్బయా. మనుబోల్లో మా తమ్ముడి పెద్దకర్మ. ముందు కాకి ముట్టాల. ముట్టకపోతే వాడికి తృప్తి లేనట్టే," అంది.

తమ్ముడు హోటల్లో వంటమాస్టరట.

"నేను చేస్తే కట్లెట్టంట, వాడు చేస్తే క్రోకెట్టంట. వాడికి ఆ క్రోకెట్టే ఇష్టం. తేడా ఏందిరా అంటే నవ్వి ఊరుకుండేవాడు."

ఫోన్లో వెతికి చెప్పాను. కట్లెట్ బిళ్ళలా ఒత్తి పెనం మీద కాల్చేది. క్రోకెట్ వేలులా పొడుగ్గా చుట్టి, రొట్టెపొడి అద్ది, కాగే నూనెలో ముంచి వేయించేది. చేప మాత్రం అదే.

ఆమె వెంటనే ఒక బిళ్ళను అరచేతుల్లో పెట్టుకుని పొడుగ్గా చుట్టబోయింది. అది పొడిపొడి అయిపోయింది.

"పోనీలే అక్కా, కాకికేం తెలుస్తుంది తేడా?" అన్నాను, నవ్విద్దామని.

"కాకికి తెలీదులే. వాడికి తెలుస్తది."

పొడినంతా ఏరి మళ్ళీ బిళ్ళగా ఒత్తింది. నా దగ్గర ఇంకో జోకుంది. రైలొచ్చేదాకా దాన్ని బయటికి రానీకుండా నోట్లోనే నములుతూ కూర్చున్నాను.

కాకి ముట్టిందో లేదో నాకు తెలియదు. మా డాబా మీద వాలిన కాకిని మాత్రం ఇప్పుడు తరమబుద్ధి కాదు.