ఒకే ప్రశ్న రాసిన అయ్యగారు

మా అయ్యగారు ప్రభువునందు నిద్రించారని మంగళవారం పొద్దున బడి పక్క టీకొట్టాయన ఫోన్ చేసి చెప్పాడు. ఆయన మా మతస్థుడు కాదు. అయినా చావుకు మా క్రైస్తవులు వాడే మాటే సరిగ్గా వాడాడు. ఇన్నేళ్లు మా కిటికీ కింద టీ కాచి కాచి మా భాష ఆయనకూ పట్టుబడింది. నేను కాసేపు నమ్మలేదు. అయ్యగారు నిద్రపోవడం నేను ఎన్నడూ చూడలేదు. ఆయన ప్రసంగాల్లో నేను నిద్రపోవడం మాత్రం ఆయన చాలాసార్లు చూశారు, క్షమించారు.

బుక్కరాయసముద్రం దాటాక రోడ్డు పక్కన రెండు గదులు, ఒక వసారా, పైన రేకులు. పల్లెలకు పాస్టర్లను తయారుచేసే వేదాంత పాఠశాల అది. ఎండాకాలం ఆ రేకుల కింద కూర్చున్నవాడికి నరకం గురించి వేరే పాఠం అక్కర్లేదని నా అభిప్రాయం. అయ్యగారు దానికి స్థాపకులు, ప్రిన్సిపాల్, బోరు మోటారు మెకానిక్. గ్లాసులో చివరి గుక్కెడు నీళ్లు ఎప్పుడూ తాగేవారు కాదు, వసారా పక్కనున్న కరివేపాకు మొక్కకు పోసేవారు. వానపడి జనమంతా వజ్రాలు వెతకడానికి వజ్రకరూరు పొలాలకు పోతే ఆయనా పోయేవారు, విద్యార్థుల కోసం. "అందరూ వంగి నేల చూస్తాంటారు. మనిషి మొగం చూసేది నేనొక్కణ్ణే. నాకు పోటీ లేదప్పా" అనేవారు.

నన్ను ఇంగ్లీషు చెప్పడానికి పెట్టుకున్నారు. నా అర్హత బి.ఏ. విశ్వవిద్యాలయం వారు నాతో విసిగిపోయి ఇచ్చింది. దాని మీద అయ్యగారికి ఉన్న గౌరవం నాకు ఏనాడూ లేదు. నా పేరు మానేసి "ఏమప్పా బీయే" అనే పిలిచేవారు.

మా బడికి చిక్కంతా కదిరి అక్క వల్ల వచ్చింది. గొర్రెలు మేపుకునే ఇంటి కోడలు. భర్త పోయాక మా దగ్గర చేరి మూడేళ్లు చదివింది. పై చదువు చదివి ఆడపిల్లల హాస్టల్లో పాఠాలు చెప్పాలని ఆమె కోరిక. మా సర్టిఫికెట్ పట్టుకుని బెంగళూరులో ఒక పెద్ద వేదాంత కళాశాలకు పోయింది. మూడోనాటికి తిరిగొచ్చింది.

"మీ బడికి గుర్తింపు ఎవరిచ్చినారని అడిగినారయ్యా. దేవుడని చెప్తి. ఆయన సీలు యాడ అనినారు."

నేను నవ్వాను. అయ్యగారు నవ్వలేదు. అక్క ఇంకో మాట అంది: "నేను చదివింది చదువే కాదంట, అయ్యా."

ఆ పూట అయ్యగారు అన్నం ముట్టలేదు. మరునాడు నన్ను కూర్చోబెట్టి, గుర్తింపుకు ఏ దారులున్నాయో కనుక్కుని రమ్మన్నారు. వారం తిరిగి, బడ్జెట్ చదివే మంత్రిలాగా గొంతు సవరించుకుని విన్నవించాను.

మొదటి దారి వేదాంత కళాశాలలకు గుర్తింపునిచ్చే పెద్ద మండలి. దానికి సొంత భవనం, పట్టాలున్న అధ్యాపకులు, గదినిండా పుస్తకాలు కావాలి. మా గ్రంథాలయం ఒక బీరువా. అందులో సగం అమ్మగారి చీరలు. రెండోది పోస్టులో వచ్చే గుర్తింపు: ఏదో దేశంలో ఏదో సంస్థ, డాలర్లు పంపితే బడికి గుర్తింపు, ప్రిన్సిపాల్‌కు డాక్టరేటు. "ఇంకొంచెం పంపితే నాకూ ఇస్తారంట, అయ్యా!"

"దుడ్లకు వచ్చే సీలయితే మన బజార్లోనే కొట్టించుకోవచ్చు గదప్పా. బెంగళూరోళ్లు మళ్లీ తలుపేస్తే ఆయమ్మ రెండోసారి ఏడ్సల్లనా?"

మూడోది మిగిలింది. గుర్తింపు ఉన్న ఒక కళాశాల కింద అధ్యయన కేంద్రంగా చేరడం. సిలబస్ వాళ్లది, పరీక్ష వాళ్లది, బోర్డు మీద పేరూ వాళ్లదే. పాఠం చెప్పేవాళ్లు రెండేళ్లలోగా వాళ్ల డిప్లొమా పాసవ్వాలి, లేదా డిగ్రీ ఉండాలి. నాకు ఉంది. అయ్యగారు చిన్నప్పుడు ఒక ముసలి పాస్టరు వెంట ఊరూరా నడిచి నేర్చుకున్న మనిషి. ఆ నడకకు ఎవరూ పట్టా ఇవ్వలేదు.

పెయింటర్ వచ్చి బడి పేరు చెరిపేసిన రోజు నిచ్చెన పట్టుకున్నది అయ్యగారే. "పైన ఇంకొక అక్షరం ఉండాది చూడప్పా, బాగా తుడువు" అని చెప్పారు కూడా.

అలా మా ప్రిన్సిపాల్, కదిరి అక్క ఒకే హాల్లో పరీక్షకు కూర్చున్నారు. మొదటి పేపర్ రోజు నేను గేటు దగ్గర నిలబడ్డాను. మూడు గంటల తర్వాత అయ్యగారు పెళ్లి భోజనం చేసినవారిలా వెలిగిపోతూ వచ్చారు.

"ఐదు ప్రశ్నల్లో ఎన్ని రాసినారయ్యా?"

"ఒకటి."

"ఒకటా!"

"అన్నలంతా చేరి తమ్ముణ్ణి నీళ్లులేని గుంటలో తోసేసిన కథ రాయమన్నారప్పా. పిల్లోణ్ణి గుంటలో వదిలిపెట్టి రెండో ప్రశ్నకు యెట్ల పోయేది? పైకి తీసి, పెద్దోణ్ణి చేసి, వాళ్ల నాయన కండ్లకు చూపించల్ల గదా. అంతలో గంట కొట్టేసినారు."

మరుసటి ఏడాది నా వాచీ ఆయన చేతికి కట్టి, ప్రశ్నకు ఇన్ని నిమిషాలని ఒట్టు వేయించుకున్నాను. "ఈసారి ఎవరు గుంటలో పడినా పడనీండి అయ్యా" అని బతిమాలాను. సరేనన్నారు. బయటికొచ్చి తల దించుకున్నారు.

"ఈసారి కరువు మీద అడిగినారప్పా. అనంతపురమోణ్ణి పట్టుకుని కరువు మీద అడిగితే సగంలో ఆపేదానికి అయితాదా?"

అక్క ఫస్ట్ క్లాసులో పాసయింది. ఆదివారం ఆరాధనలో అయ్యగారు ముందుగా తాను తప్పిన సంగతి ప్రకటించి, తర్వాత ఆమె మార్కులు చదివి, అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టారు. బెంగళూరు రైలుకు ఆమె ట్రంకుపెట్టె నన్ను ముట్టనివ్వకుండా తానే మోశారు. "ఈసారి అడిగితే సీలు చూపించు, తల్లీ. దేవుని పేరు ఊరికే చెప్పొద్దు" అన్నారు.

తర్వాత కళాశాల నుంచి తనిఖీకి ఒకాయన వచ్చి, పాసయ్యేదాకా అయ్యగారు పాఠం చెప్పడానికి వీల్లేదన్నాడు. ఎంతో ఇబ్బంది పడుతూనే అన్నాడు. "న్యాయమే గదా సార్" అని అయ్యగారు ఆయనకు టీ తెప్పించారు. విద్యార్థిగా కూర్చోవచ్చా అని అడిగి, కూర్చోవచ్చని తేలాక మరునాటి నుంచి తువ్వాలుతో చివరి బెంచీ తుడుచుకుని అక్కడే కూర్చున్నారు. ఆయన చెప్పే పాఠాలూ నా మీద పడ్డాయి. అడిగితే తప్ప ఆయన నోరు విప్పేవారు కాదు. కానీ నేను తడబడినప్పుడల్లా క్లాసంతా వెనక్కి తిరిగి అడిగేది. నా బి.ఏ. సంగతి ముందే చెప్పాను. ఆ గదిలో పిల్లలు నల్లబల్లను చూసినదానికన్నా అయ్యగారిని చూసిందే ఎక్కువ.

సమాధి చేసే రోజు కదిరి అక్క వచ్చింది. ఇప్పుడు హాస్టల్ పిల్లలకు పాఠం చెబుతోంది. ప్రార్థన ఆమే చేసింది, గొంతు ఎక్కడా తడబడకుండా.

సోమవారం క్లాసు పెట్టాను. పాఠం సగంలో ముందు బెంచీ పిల్లాడు లేచాడు. "సార్, సావు జరిగిన ఇంటికి పోతే మొదట ఏం మాట్లాడల్ల?"

క్లాసంతా వెనక్కి తిరిగింది. చివరి బెంచీ మీద కిటికీలోంచి ఎండ పడుతోంది. ఒక్కరూ ముందుకు తిరగలేదు. నేనూ సుద్దముక్క పట్టుకుని వాళ్లతోపాటు అటే చూస్తూ నిలబడ్డాను.