ఆంటీ మానేసిన ఐదేళ్ల మాట

పోయిన వారం గుంటూరు నుంచి అంకుల్ ఫోన్ చేశారు. “మీ ఆంటీ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయిందిరా,” అన్నారు. “అదేంటి అంకుల్, బాగానే ఉన్నారు కదా!” అనేశాను. “బాగాలేదురా. ఏడాది నుంచీ బాగాలేదు. క్యాన్సర్ ఎముకల్లోకి పాకింది,” అన్నారు.

ఏడాదంటే మేం టీవీలో కలిసి చూసే ఆటకి ఒక సీజన్ మొత్తం. ఆ సీజనంతా ప్రతి సోమవారం సాయంత్రం నేను ఆమె పక్కనే, అదే సోఫాలో, వాళ్లింటి పునుగులు తింటూ కూర్చున్నాను. ఈ నాలుగు మాటలు రాయడానికి కూడా మొహం చెల్లడం లేదు.

గల్ఫ్‌లో, అల్ ఖోబర్‌లోని అజీజియాలో మాకు ఎదురిల్లు వాళ్లది. ఆంటీ ఆసుపత్రిలో ఎముకల వార్డు నర్సు. వచ్చిన కొత్తలో మంచాన పడి ఉన్న అమెరికా ఇంజనీర్లు వార్డు టీవీలో వాళ్ల ఫుట్‌బాల్ చూస్తుంటే, మందులిస్తూ ఇస్తూ ఈవిడా నేర్చేసుకుంది. అది కాలితో ఆడే మన ఫుట్‌బాల్ కాదు. అందులో క్వార్టర్‌బ్యాక్ అని ఒకడుంటాడు. బంతి అందుకుని, మీదికి దూకే మనుషుల్ని తప్పించుకుని, ఎవరికి విసరాలో రెప్పపాటులో తేల్చేవాడు వాడే. చీర కుచ్చెళ్లు సర్దుకుంటూ ఆంటీ ఆ రూల్స్ చెబుతుంటే మొదటిసారి నవ్వాపుకోలేకపోయాను. మూడో వారానికి నాకూ ఆ పిచ్చి పట్టింది.

ఒకే ఏడాది ఆటలోకి వచ్చిన ఇద్దరు కుర్రాళ్ల మీద మా తగవు. నావాడు మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు విసిరేసేవాడు. వాడికి ఆంటీ పెట్టిన పేరు ఫిరంగి. ఆమె మెచ్చినవాడు దగ్గరవాళ్లకు చిన్న చిన్న బంతులు వేసుకుంటూ, దెబ్బ తగలకుండా నెట్టుకొచ్చేవాడు. నేను వాణ్ని గుమాస్తా అనేవాణ్ని.

“మీ గుమాస్తా ఈ జన్మకి కప్పు కొట్టడు ఆంటీ.”

“ఏందిరా నీ తొందర? ఎంత దూరం విసిరాడన్నది కాదు, కిందపడ్డాక ఏ చెయ్యి ఆనించి లేస్తున్నాడో చూడు. మీవోడు అప్పుడే కుడి భుజాన్ని కాపాడుకుంటున్నాడు. ఐదేళ్లాగు, ఎవడు నిలబడతాడో నువ్వే చూద్దువుగాని!”

ఏ వాదనైనా ఆ ఐదేళ్ల దగ్గరికే వచ్చి ఆగేది. నేను ఉడుక్కునేవాణ్ని, ఆవిడ పకపకా నవ్వేది.

ఒకసారి ఆఫీసులో మేనేజర్ అందరి ముందూ అరిచాడని, రాజీనామా చేసేస్తానంటూ వాళ్లింట్లో చిందులు తొక్కాను. ఆంటీ టీ కప్పు చేతికిచ్చి, “కిందపడ్డోడు లేవకుండా రిఫరీ వంక చూస్తా కూర్చున్నాడంటే వాడి పని అయిపోయినట్టేరా. ముందు లెయ్యి. తర్వాత కొట్లాడుదువుగాని,” అంది. లేచాను. ఆ ఉద్యోగంలోనే ఇవాళ్టికీ ఉన్నాను, ఆమె పుణ్యమే.

అలాంటి మనిషి పోయినేడాది ఐదేళ్ల మాట ఎత్తడం మానేసింది. నేనెంత రెచ్చగొట్టినా, “అదంతా ఎందుకులేరా, ఈ వారం ఎట్టా ఆడతాడో చూద్దాం,” అనేది. నాకేమనిపించిందో తెలుసా? ఓడిపోయిందనిపించింది! ఫిరంగి మంచి ఊపు మీదున్నాడు, ఈవిడ దగ్గర ఇక జవాబు లేదు అనుకున్నాను. “ఆంటీ ఒప్పేసుకున్నారహో!” అని కేకలేసి, పళ్లెం నిండా బస్బూసా కొనుక్కొచ్చి బిల్డింగంతా పంచాను. ఆవిడ ఆ తీపి ముక్క కొంచెం కొరికి, “గెలిచావులేరా,” అంది. అంకుల్ లేచి వంటింట్లోకి వెళ్లిపోయారు. భార్య ఓడిపోతే ఈయనకెందుకు ఉక్రోషమో అని నవ్వుకున్నాను.

టీవీలో ఎవడైనా కుంటితే వెనక్కి తిప్పి మరీ చూసేవాణ్ని, మోకాలా, మడమా అని. పక్కన కూర్చున్న మనిషి దిండు ఆసరా లేకుండా కూర్చోలేకపోతోందని చూడలేదు. పునుగులు ఆమె మానేసి అంకుల్ వేస్తున్నారనీ పట్టించుకోలేదు. పైగా ఉప్పు తగ్గిందని వంక పెట్టాను. ఛీ, ఎంత గుడ్డితనం!

“నాకొక్క మాట చెప్పి ఉండాల్సింది అంకుల్,” అన్నాను ఫోన్లో. “నేను చెబుదామనే అన్నానురా. ఆమే వద్దంది. వాడికి తెలిస్తే ఆట చూడడు, నన్నే చూస్తా కూర్చుంటాడు, సోమవారమన్నా నన్ను ఆట చూడనియ్యండి అంది,” అన్నారు.

రిటైరయి, ఇక తిరిగి రాకుండా ఫైనల్ ఎగ్జిట్ మీద ఇంటికి వెళ్లిపోతున్నామని చెబితే నమ్మాను. దమ్మామ్ ఎయిర్‌పోర్టుకు నేనే కారులో దింపాను. అక్కడ ఆమె కోసం వీల్‌చెయిర్ వచ్చింది. మనవాళ్ల సంగతి తెలిసిందే కదా, క్యూలో నిలబడకుండా, ఇంగ్లిష్‌తో తంటా లేకుండా వెళ్లొచ్చని నిక్షేపంలాంటి కాళ్లున్నవాళ్లూ వీల్‌చెయిర్ రాయించుకుంటారు. “ఆంటీ, మీరూ ఈ ఎత్తు వేశారా!” అన్నాను. “ఊరికే వస్తుంటే వదులుకుంటామా ఏందిరా,” అని ఆవిడా నవ్వింది.

ఆ నవ్వు చూసి ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టాను. బిల్డింగ్ వాట్సాప్ గ్రూపులో అదింకా ఉంది, కింద అందరి నవ్వు బొమ్మలతో. పాయింట్లు వచ్చినప్పుడు రిఫరీ రెండు చేతులూ నిటారుగా పైకెత్తుతాడు. లోపలికి తోసుకెళ్తున్న ఆమెను వెనకనుంచి “ఆంటీ, టచ్‌డౌన్!” అని పిలిచాను. ఆవిడ తల తిప్పకుండానే చేతులెత్తింది. ఎడమ చెయ్యి నిటారుగా లేచింది. కుడి చెయ్యి భుజం దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. వెంటనే నా గొంతు, పెద్దగా నవ్వుతూ: “రెండోది కూడా ఎత్తండి ఆంటీ!”