ఆ హెచ్చరిక ఎందుకు వినిపించలేదంటే

తొమ్మిదేళ్లుగా ఈ మాట గొంతు దాకా వచ్చి ఆగిపోతోంది. నా భార్యకు కూడా తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో.

నెల్లూరు తీరంలో, మా పాలెంలో ఒక చిన్న రేడియో స్టేషన్ ఉండేది. నేను అందులో టెక్నీషియన్ని. మస్తానమ్మక్క వార్తలు చదివేది. చేపలమ్మే ఇంట్లో పుట్టిన మనిషి. వేటకు పోయేవాళ్లు ఆమె గొంతు విన్నాకే పడవ దించేవాళ్లు.

ఆ రోజు పొద్దున మిక్సర్ వెనక వైర్లన్నీ పీకి, దుమ్ము తుడిచి, మళ్లీ గుచ్చాను. ట్రాన్స్‌మిటర్‌కు వెళ్లే వైరును పక్క సాకెట్లో పెట్టేశాను. అందులోంచి కంప్యూటర్‌ పాటలు మాత్రమే పోతాయి, మైకు పోదు. పని అయ్యాక బయట రేడియో పెట్టి విని చూసుకోవాలి. చూసుకోలేదు. ఆకలేసింది, ఇంటికి పోయాను. ఇంతకన్నా పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండుననిపిస్తుంది.

మధ్యాహ్నం గాలివాన హెచ్చరిక వచ్చింది. అక్క చదివింది. హెడ్‌ఫోన్లో ఆమె గొంతు ఆమెకు వినిపిస్తూనే ఉంది. పాలెంలో మాత్రం పాటలే మోగాయి. హెచ్చరికేమీ లేదనుకుని, మా పాలెంలోనే వేటకు పోయే శీనయ్య పడవ దించాడు. తిరిగొచ్చేటప్పుడు, ఏరు సముద్రంలో కలిసే చోట, అల కొట్టి పడవ బోల్తాపడింది. కాలు దాని కింద నలిగింది. మోకాలి దాకా తీసేశారు.

హెచ్చరిక ఎవరికీ వినపడలేదన్న కబురు తెలియగానే స్టేషన్‌కు పరిగెత్తాను. వైరు చూశాను. తీసి సరిగ్గా గుచ్చాను. అక్కడితో ఆగి ఉంటే, అది పొరపాటే కదా, ఎవరికైనా జరుగుతుంది కదా అని నాకు నేను చెప్పుకుంటూ ఎలాగో బతికేవాణ్ణేమో. కానీ కంప్యూటర్లో ఆనాటి రికార్డింగ్ ఉంది. అది మిక్సర్ నుంచి నేరుగా ఎక్కుతుంది కాబట్టి అందులో ఆమె హెచ్చరిక స్పష్టంగా ఉంది. దాన్ని చెరిపేశాను. ఒక్క క్షణమైనా ఆలోచించానా? లేదు. ఇప్పటికీ నన్ను భయపెట్టేది అదే.

మర్నాడు స్టేషన్ నడిపే కమిటీ పెద్దలు వచ్చి పరీక్షించారు. అన్నీ బాగానే పనిచేశాయి. అక్క నా వైపు తిరిగింది.

“నేను చదివినాను గదా తమ్ముడూ. మిషన్‌లో ఏమన్నా తేడా వచ్చిందేమో, చెప్పు వాళ్లకి.”

“మిషన్ బాగానే ఉందక్కా. మైకు ఆన్ చేసేది మర్చిపోయినావేమో,” అన్నాను.

ఆమె ఉద్యోగం పోయింది. పాలెంలో ఆడవాళ్లు ఆమెతో మాటలు మానేశారు. ఇప్పుడు తోటపల్లి గూడూరు వైపు రొయ్యల షెడ్డులో పనిచేస్తోంది. శీనయ్య ఇంటి ముందు నుంచి నడవలేక ఇప్పటికీ చుట్టు తిరిగి పోతుందట.

పోయిన నెల బస్సులో కనిపించింది. ఐసు నీళ్లలో నాని వేళ్లు పాలిపోయి ఉన్నాయి. జరిగి, పక్కన చోటిచ్చింది.

“ఆ పొద్దు మైకు ఎట్ట మర్చిపోయినానో నాకే అర్థం కాదు తమ్ముడూ,” అంది.

నన్ను అనుమానించలేదు. తనను తానే అనుమానించుకుంది. నా మాటే నమ్మింది. నేను దిగాల్సిన చోటు రాకముందే దిగిపోయాను.

ఆమెకు చెప్పే ధైర్యం వస్తుందో రాదో తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీరు ఇవ్వగలిగింది కాదు. మస్తానమ్మక్క ఏదీ మర్చిపోలేదు. వైరు తప్పు గుచ్చింది నేను. రికార్డింగ్ చెరిపింది నేను. ఇన్నాళ్లకు రాయగలిగాను. ఊపిరి కాస్త ఆడుతోంది.