నిలబడి ఏం చేస్తారన్నారు

కార్తీక మాసం రెండో సోమవారం, ఉదయం పదకొండుంబావు. రాజమండ్రిలో ఒక ఫిజియోథెరపీ గదిలో నా తొడల మీద ప్యాడ్లు అతికించి మొదటిసారి కరెంటు వదిలారు. కాళ్లు కదల్లేదు.

అంతకు సరిగ్గా ఏడాది ముందు అటక ఎక్కబోయి నిచ్చెన మీంచి పడ్డాను. వెన్నెముక విరిగింది. నడుము కింద స్పర్శ లేదు. కింది నరాలు బతికుంటే, మెదడు పంపలేని ఆజ్ఞ ఆ మిషన్ పంపుతుందనీ, కండరం బిగిసి మోకాలు నిటారవుతుందనీ, అలా నిలబడవచ్చనీ డాక్టరు చెప్పారు. ఎక్స్‌రేలు తీసి, ఎముకలు తట్టుకుంటాయన్నారు. ఆ రోజు కండరం కదిలితేనే వైద్యం, లేకపోతే లేదు.

పొద్దున వచ్చేటప్పుడు కారు నడిపిన మా మరిది, దారిలో కోరుకొండ ఊరు దాటకముందే మొదలుపెట్టాడు. "నడిచేది ఎలాగూ లేదంటున్నారు గదా వదినా. ఈ వయసులో నిలబడి ఏం చేస్తారండి?"

"అరవై ఏళ్లుగా నిలబడే ఉన్నావు, నువ్వేం చేశావయ్యా?" అన్నాను.

గదిలో ఫిజియోథెరపీ అమ్మాయి కరెంటు పెంచింది. ఇంకా పెంచింది. చివరికి నెమ్మదిగా, నరాలు స్పందించడం లేదని చెప్పి ప్యాడ్లు తీయబోయింది. తీసే పని లేకుండానే ఒకటి జారి దుప్పటి మీద పడింది. దాని వెనక జిడ్డు మెరిసింది.

పడ్డ నాటి నుంచీ మా కోడలు రోజూ నా కాళ్లకు ఆముదం మర్దనా చేస్తుంది. ఆ పొద్దున రెండుసార్లు పట్టించింది. చర్మం పొడిబారి కనిపిస్తే ఇంట్లో సరిగ్గా చూడటం లేదనుకుంటారని దాని బెంగ.

"దూదితో తుడిచానండి మామ్మగారూ," అంది ఆ అమ్మాయి.

"దూదికి ఆముదం పోదమ్మా. జిడ్డు మీద కరెంటు ఒంట్లోకి దిగదు. వేణ్ణీళ్లు, సబ్బు తెప్పించి మళ్లీ పెట్టు. అంతవరకు నన్ను దింపొద్దు."

వేరే వాళ్లు ఎదురుచూస్తున్నారని మరిది గొణిగాడు. నేను వినలేదు. మాతో వచ్చిన కోడలు రెండుసార్లు సబ్బు పెట్టి కడిగి, తువ్వాలుతో పొడిగా తుడిచింది. పన్నెండు కావస్తుండగా మళ్లీ కరెంటు వదిలారు. కుడి మోకాలు నిటారైంది. మడమ మంచం మీంచి లేచింది. నాకు తెలియలేదు, చూశాను. ఎవరిదో కాలు లేచినట్టుంది, కాని అది నాదే.

ఆ తర్వాత రోజూ ఇంట్లో మిషన్ పెట్టుకుని కండరం పెంచాను. నూనె మానేశాం. మాఘంలో అదే గదిలో రెండు కడ్డీల మధ్య, రెండు తొడలకూ ప్యాడ్లు పెట్టి, నడుముకు బెల్టు కట్టి, చేతులతో పట్టుకుని లేచాను. మరిది ఎదురుగా కుర్చీలో ఉన్నాడు. ఏడాది పైగా అందరినీ కింది నుంచి చూసిన దాన్ని, అతని బట్టతల పైనుంచి చూశాను.

"ఇదిగో, ఇది చేస్తాను," అన్నాను.

పోయినవి కూడా చెప్పాలి. నడక పోయింది, తిరిగి రాదు. మెట్లు, వంటగది గట్టు, పాదాల కింద తడి నేల చల్లదనం పోయాయి. ఒంటికి పోయాలనిపించడం తెలియకుండా పోయింది. మంచంలో ఏడాది మూడు నెలలు పోయాయి.